మునసబుగారి గట్టు

ఊపిరి అందని జ్వరంతో ఎవరు ఆసుపత్రిలో చేరినా పొరుగు జిల్లాకు కూడా చెప్పాలన్న ఏర్పాటు వచ్చాక, తాడేపల్లిగూడెం నుంచి రోజూ పొద్దున్నే ఫోను వస్తుంది. ఏలూరు ల్యాబులో దాన్ని ఎత్తేది నేను. కొల్లేటి చెరువుల మీద పనిచేసేవాళ్లకు జబ్బు చేస్తే యజమాని తన ఊరి ఆసుపత్రికి తీసుకుపోతాడు. అడ్రసు కూడా తన ఇంటిదే రాయిస్తాడు. జబ్బు ఎక్కడ మొదలైందో ఇక ఎవరికీ అంతుపట్టదు.

ఆ రోజు అక్కడి నర్సు గొంతు విసుగ్గా ఉంది.

“చెరువు కాపలా మనిషండీ, ఆక్సిజన్ మీదున్నాడు. ఫ్లూ అని తేలింది. యజమానేమో ఫోనెత్తట్లేదు. ఇతని భార్య మునసబుగారి గట్టు అంటోంది గానీ, ఏ మండలమో చెప్పలేకపోతోందండీ. వాళ్ల కోడలికీ ఆయాసమంట. గట్టు మీదే వదిలేసి వచ్చారంట.”

“ఆ గట్టు నాకు తెలుసు.”

“మీకెలా తెలుసండీ?”

“ఆ మునసబు మా తాతగారు.”

ఆఫీసులో ఈ మాట నేనెప్పుడూ అనలేదు. మా నాన్నగారి హయాంలోనే ఆ భూమి చేతులు మారి చేపల చెరువులైంది. అమ్ముకున్న నేలను చూడబోవడం మా ఇంట్లో అలవాటు లేదు.

మా నర్సును వెంటబెట్టుకుని జీపులో వెళ్లాను. మర్నాడు చేపల పట్టుబడి. పాకల ముందు వలలు సర్దుకుంటున్నారు. ఒక ముసలమ్మ ఎదురొచ్చింది.

“ఇక్కడెవరికీ ఏం లేదండీ.”

జ్వరమని తెలిస్తే పట్టుబడికి రానివ్వరని వాళ్ల భయం. పాకలోంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. అందరికీ ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చెయ్యాలన్నాను. నేనెవరి మనవడినో కూడా చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

“మునసబుగారైతే ఈ బురదలో దిగేవారు కాదండీ. పడవలో కుర్చీ వేయించుకుని వచ్చేవారు.”

“ఇప్పుడు పడవా లేదు, కుర్చీ లేదు.”

“నడుం మాత్రం అదేనండీ, వంగదు.” వలల దగ్గర ఎవరో నవ్వారు. “ఇవి పొలాలుగా ఉన్నప్పుడు, కోతకి మాత్రం దిగి ఆయన తొలి కొడవలి పెడితేనే మేం కోత మొదలెట్టేవాళ్లం. ఆ ముక్కులో పుల్లేదో ముందు తమరే పెట్టించుకోండి మరి.”

బోర్లించిన చేపల ట్రే మీద కూర్చున్నాను. నర్సు తలెత్తమంది. అందరూ చుట్టూ చేరి చూశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. నేను లేచాక ఆ ట్రే మీద ముసలమ్మ కూర్చుంది. తన వంతు అయ్యాక పాకవైపు తిరిగి ఆ కాపలా మనిషి కోడలిని తనే పిలిచింది.

ఆ పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడింది. ఒక మాట పూర్తి చెయ్యడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంది. నర్సు ఆమె వేలికి క్లిప్పు పెట్టి చూసి, “మిగతావాళ్లకి మళ్లీ వద్దాం సార్, ఈమెతో ముందు బయల్దేరాలి,” అంది.

వెనక సీటులో ఆమెను పడుకోబెట్టి, నర్సును పక్కన ఉంచి, శాంపిళ్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చున్నాను. రోడ్డెక్కాక తాడేపల్లిగూడేనికి నేనే ఫోను చేశాను.

“దొరికిందాండీ?”

“దొరికింది. ఏలూరు తీసుకెళ్తున్నాం. ఆమె అత్తగారికి చెప్పండి. ఆ కాపలా మనిషి అడ్రసు కూడా మార్చుకోండి.”

“ఏమని రాయమంటారండీ?”

“మునసబుగారి గట్టు అనే రాయండి. మండలం నేను చెప్తాను.”