వెనక సీటు నుంచి చూసిన పొగ

కలకత్తాకి గంగ ఇవతల, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో కాపురానికి వచ్చిన నాకు ఆదివారం ఒక్కటే ఊపిరి. ఆ పూట మా ఆయన మోటారుసైకిలు వెనక కూర్చుని, గంగ దాటి, తెలుగు చర్చికి వెళ్లేదాన్ని. మిగతా వారమంతా రెండు గదులు, అత్తగారి సణుగుడు, కిటికీలోంచి గూడ్సు బండ్లు. లోకల్ రైలు తొక్కిడిలోకి కోడల్ని పంపడం మామగారికి సుతరామూ ఇష్టం లేదు.

అలాంటిది, బండి పొగ కక్కడం మొదలుపెట్టింది. మామగారు బొగ్గు ఇంజన్లు నడిపి రిటైరైన డ్రైవరు. ఆయన లెక్కలో పొగకు కారణం ఒక్కటే, మేత ఎక్కువవడం. బొగ్గు తగ్గించినట్టే పెట్రోలు తగ్గించమన్నారు. మా ఆయన కార్బ్యురేటర్ మర తిప్పారు. బండి దగ్గింది గానీ పొగ తగ్గలేదు. వారం వారం ఇంజనాయిలు మాత్రం పోస్తూనే ఉన్నారు.

నడిపేవాడికి తన పొగ కనపడదు. వెనక ఒక పక్కకి కూర్చున్న నాకు కనపడేది. పట్టాల మీది వంతెన దిగేటప్పుడు ఆయన యాక్సిలరేటర్ వదిలేసేవారు. కిందికొచ్చి మళ్లీ తిప్పగానే గుప్పున నీలం పొగ! మా నాన్న బస్సుల మెకానిక్కు. పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ, ఆయిలు కాలితే నీలం పొగ అని, యాక్సిలరేటర్ వదిలి తిప్పగానే నీలం పొగ వస్తే ఆయిలు వాల్వుల దగ్గర్నించి దిగుతున్నట్టని చిన్నప్పుడే విన్నాను. చెబితే బండి బాగవుతుందని ఆశపడ్డాను.

"మావయ్యగారూ, అది పెట్రోలు కాదండి. పైన వాల్వు ఆడే గొట్టం, ఆ గైడు అరిగి ఆయిలు దిగుతోంది."

"తాతకి దగ్గు నేర్పుతున్నావేటమ్మా? జన్మంతా పొగలోనే బతికినోణ్ణి!"

కసిరారే గానీ, పై ఆదివారం తనే వెళ్లి వంతెన కింద నిలబడి చూశారు. ఆ సాయంత్రమే వరండాలో దుప్పటి పరిచి ఇంజను పైభాగం విప్పించారు. గైడులో వాల్వు ఊగే పన్నులా కదిలింది.

ఆ పాత బండికి సరిపోయే గైడు కలకత్తాలో దొరకలేదు. పాత బండ్ల సామాన్లమ్మే మల్లిక్ బజారులో "వచ్చే వారం, దాదా" అనేవారట. ప్రతి వారం అదే మాట. ముక్కలన్నీ నా బియ్యం చేటలో పడి ఉన్నాయి. వానాకాలం వచ్చింది, వెళ్లింది. నేను గుమ్మం దాటలేదు.

ఒక ఆదివారం మా ఆయన ఒక్కరే లోకల్లో చర్చికి వెళ్లిపోయారు. మామగారు చేట ముందు కూర్చుని, తుప్పు పట్టకుండా వాల్వుకి నూనె రాస్తూ మెచ్చుకున్నారు.

"నువ్వన్నదే నిజమైందమ్మా. కళ్లంటే నీవే కళ్లు!"

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ కళ్లకి ఇంక చూడ్డానికేముంది మావయ్యగారూ, ఈ చేట తప్ప?"

ఆయన తల వంచుకుని నూనె రాస్తూనే ఉన్నారు. నన్ను లోకల్ ఎక్కమని మాత్రం అనలేదు.