దయ్యానికి గొంతిచ్చిన రోజులు

ఇంతవరకు నన్ను కాచి, నవ్వుకోవడానికి నన్నే నాకిచ్చిన దేవునికి స్తోత్రం. నా గొంతు ఆయన ఇచ్చిందే. దాన్ని నేను ఎక్కడ వాడానో ఆయనకు తెలుసు, కాసేపట్లో మీకూ తెలుస్తుంది. అందుకే, నేను రాసేది ఎవరి విశ్వాసానికీ అడ్డు కాకూడదని ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నాతో కలిసి అడగండి. (అడిగారు కదా. ఇక తెరవవచ్చు.)

ఆ రోజుల్లో, అంటే బస్సులో ఎవరి సెల్‌ఫోన్ మోగినా అందరం తిరిగి చూసే రోజుల్లో, నేను బెంగళూరు మారతహళ్ళిలో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. ఒంగోలు దగ్గర మా ఊళ్ళో నాన్న చర్చిలో సంఘపెద్ద. నర్సింగులో చేరమంటే, రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని తప్పించుకుని, ఉద్యోగం చూసుకుంటానని వచ్చేశాను. దొరికిన ఉద్యోగం మడివాళ మార్కెట్ వెనక, దయ్యాల సినిమాలు తప్ప మరొకటి తియ్యని ఒక చిన్న కంపెనీలో. రక్తానికి జడిసి పారిపోయినదాన్ని దేవుడు తీసుకొచ్చి బకెట్ల కొద్దీ రక్తం పక్కన కూర్చోబెట్టాడు. (అది రంగు కలిపిన చక్కెర పాకమని, దానికి చీమలు పట్టాక తెలిసింది.) నా పని ఫోన్ ఎత్తడం. ఒకరోజు మూలనున్న బొమ్మ తలకాయ మీద గుడ్డ జారిపోయింది. నేను అరిచిన అరుపుకి కింద కూరగాయలమ్మేవాళ్ళు మెట్లెక్కి పైకొచ్చారు. మేము భూతాల సారు అని పిలుచుకునే మా యజమాని మాత్రం కుర్చీలోంచి లేవకుండా, "ఈ గొంతు ఇన్ని దినాలు ఫోన్ కాడ ఉండాదా?" అన్నారు.

అలా నేను దయ్యాన్నయ్యాను. కొత్త సినిమాలో ఒక అమ్మాయిని పట్టిన దయ్యానికి గొంతు నాది. బాగా వస్తే పని ఖాయం చేస్తానన్నారు సారు. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "దేవుని పాటలు పాడిన గొంతమ్మా అది," అన్నారు. "సరే, ఖాయమైతే ఉండు. కాకపోతే ఆ సినిమా అవగానే బయల్దేరి వచ్చెయ్. నర్సింగులో సీటు మాట్లాడి ఉంచాను." ఇక నా బతుకంతా ఆ దయ్యం చేతిలో ఉంది. పిన్ని ఇంటి స్నానాలగదిలో వికటంగా నవ్వడం సాధన చేశాను. (తలుపవతల పిన్ని నా పేరున ఉపవాసం మొదలుపెట్టింది.)

అసలు సన్నివేశం ఇంటర్వెల్‌కి ముందు వస్తుంది. చర్చి ఫాదర్ దయ్యాన్ని వదిలించడానికి ప్రార్థన చేస్తాడు. అది ముగియగానే దయ్యం విరగబడి నవ్వి ఆయన్ని గోడకేసి కొట్టాలి. విడివిడిగా రికార్డు చేసి కలిపే ఏర్పాటు మా కంపెనీకి లేదు కాబట్టి ఫాదరూ దయ్యమూ ఒకే మైకు ముందు నిలబడాలి. ఫాదర్‌కి గొంతిచ్చేది పౌరాణిక నాటకాలాడిన ఒక పెద్దాయన, మా అందరికీ నాటకాల తాత. ఆయన "ఓ దేవా! ఈ దుష్టశక్తిని సంహరింపుము!" అని దుర్యోధనుడి వరసలో అందుకునేసరికి నాలో సంఘపెద్ద కూతురు లేచి కూర్చుంది. నా పని నేను చూసుకుని ఊరుకోవాలా, వద్దా?

"అలా ఎవరూ ప్రార్థన చెయ్యరు తాతా," అన్నాను.

"మరి మీ దేవుని కాడ ఎట్ల మాట్లాడల్ల అమ్మణ్ణీ?"

"కేకలొద్దు. ఎదురుగా కూర్చున్నాయనతో మీ ఇంటి కష్టం చెప్పుకున్నట్టు చెప్పండి."

తాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. సారు సైగ చేశారు, రికార్డింగు మొదలైంది. తాత చేతిలో కాగితం చూడనే లేదు. "స్వామీ, ఇది మా బిడ్డ. నీకు తెలీనిదేముండాది. దీన్ని ఇడిపించి ఇంటికి పంపించు. వాళ్ళమ్మ అన్నం పెట్టుకోని కాచుకోని ఉండాది," అన్నారు. గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు. నేను నవ్వాల్సిన సమయం వచ్చింది. నేను తల వంచుకుని, కళ్ళు మూసుకుని, మనస్ఫూర్తిగా, "ఆమెన్," అన్నాను.

సారు నెమ్మదిగా లోపలికొచ్చారు. "ఏమ్మా, ఇంకా ఇంటర్వెల్ కూడా కాలేదే. దయ్యమే సరేనని ఒప్పుకోని వదిలిపోతే మిగిలిన సినిమాలో ఎవర్ని చూపించల్ల?"

రెండోసారి చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాను. రుమాలులోంచే వచ్చింది ఆమెన్. పసితనం నుంచి ప్రతి ప్రార్థన చివరా పలికిన నోరు, దానికి దయ్యమెవరో ఫాదరెవరో తెలియదు. "తాతా, నువ్వు కొంచెం చెడగొట్టి చెయ్యప్పా," అన్నారు సారు. "ఇప్పుడే నేర్చినా కదప్పా, చెడగొట్టేకి మనసు రాదు," అన్నారు తాత. మూడోసారి నేను కళ్ళు తెరిచి, గోడమీది క్యాలెండర్లో సెలవులు చదువుకుంటూ, పళ్ళు బిగించి నెగ్గుకొచ్చాను. అయినా గదిలో ఆమెన్ వినపడింది. రికార్డు చేసే అనంతపురం అబ్బాయి, జీవితంలో చర్చి గడప తొక్కనివాడు, తలగోక్కుంటూ, "ఎవరూ అనకపోతే బాగుండదేమోనని సార్," అన్నాడు.

సారు స్టూలు మీద కూలబడ్డారు. "నువ్వు దయ్యానికి పనికిరావమ్మా," అన్నారు. నా కళ్ళముందు నర్సింగు బడి, తెల్ల బట్టలు, సిరంజి అన్నీ తిరిగాయి. దేవా, నీ మీద గౌరవంతోనే కదా ఈ గతి పట్టింది అని లోపల మొరపెట్టుకున్నాను. (ఎవరైనా ఇలా పని పోయే అంచున నిలబడి ఉంటే, ఇక్కడ ఆగి వాళ్ళ కోసం ఒక మాట అడుగుదాం.) అంతలో సారే మళ్ళీ అందుకున్నారు. "నా సినిమాల్లో ఫాదర్ నోరు తెరిస్తే హాల్లో ఈలలేస్తారు. తాత చేసిన ఈ ప్రార్థనకి ఎవడూ ఈల వెయ్యడు. ఇంక ఫాదర్లందరికీ నువ్వే నేర్పియ్. ఫోన్ ఇంకెవరైనా ఎత్తుతారు." ఆ సాయంత్రమే సారు భార్య వచ్చి దయ్యం నవ్వు ఒక్కసారికే నవ్వేసి, బజారుకెళ్ళిపోయారు. సాధన ఎక్కడ చేశారమ్మా అంటే, "ఇంట్లోనే," అన్నారు.

నాన్నకి ఫోన్ చేశాను. అంతా విని, "అయితే దయ్యం నిన్ను పనిలోంచి తీసేసిందన్నమాట. మంచిదే. ఉండు," అన్నారు.

ఆ కంపెనీ మూతపడేదాకా అక్కడే పనిచేశాను. నా ఫాదర్లందరూ ఇంటర్వెల్ ముందు ఓడిపోయి, చివర్లో గెలిచేవారు. ఇప్పుడు బెంగళూరులోనే, బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతుంది. నా ప్రార్థన బాగుంటుందని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం మధ్యలో వంటింట్లో కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో స్పష్టంగా తెలుస్తూ ఉంటుంది. ఆ మైకు ముందు నిలబడిన పిల్లకి అది సినిమా అని తెలుసు, వేడుకుంటున్నది నాటకాల తాత అని తెలుసు, వదిలించమంటున్నది తననేనని కూడా తెలుసు. అయినా ఆపుకోలేకపోయింది. ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. మీరు ఈసారి మోకరించినప్పుడు నన్నూ జ్ఞాపకం చేసుకోండి. మళ్ళీ ఒక్కసారైనా అలా ఆపుకోలేకుండా ఆమెన్ పలకాలని ఉంది.