చింతపిక్కల మర

ఊళ్ళో పిండిమర నడిపే ఆమెను పెద్దా చిన్నా అందరూ వదిన అనే పిలిచేవారు. మామగారు పోయాక మర అమ్మేసి షెడ్డులో గొర్రెలు కట్టేద్దామన్నాడు ట్రాక్టరు తోలే భర్త. ఆమె వినలేదు. మోటారు తిప్పడం, బెల్టు జారితే సరిచేయడం, అరిగిన రాళ్ళకు గంట్లు పెట్టించడం చూసి చూసి నేర్చుకుంది. అత్తగారు గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని గింజలు తూచేది.

మర నడపడం ఒక కష్టం. మరకు మనుషులు రావడం ఇంకో కష్టం. కొట్లోకి పిండి పొట్లాలు వచ్చినప్పటినుంచి సగంమంది ఇటు తొంగిచూడటం మానేశారు. వచ్చే సగంమందీ నమ్మి వచ్చేవాళ్ళేం కాదు. గింజలు పోసి, పిండి పడేచోట రెప్ప వేయకుండా నిలబడేవారు. తూకం కాస్త తగ్గితే, "రాళ్ళు తింటాయా పిండిని?" అని పాలుపోసే పిన్ని మొహం మీదే అడిగేది. వదిన నవ్వి ఊరుకునేది. ఉన్న నలుగురితోనూ తగువు పెట్టుకుంటే ఇక ఆడించడానికి ఏముంటుంది?

అలాంటి రోజుల్లో ఒకాయన చిన్న వ్యాను వేసుకుని వచ్చాడు. ఊరివాడు కాదు. ఎండ ఉన్నా లేకపోయినా నెత్తిన టోపీ ఉండేది కాబట్టి ఆయన పేరు టోపీ ఆయన అయిపోయింది. మూతులు కుట్టిన సంచులు దించి, "మెత్తగా ఆడించాలమ్మా, ఎంత తీసుకుంటారు?" అన్నాడు. తగ్గించమని ఎలాగూ అంటాడని వదిన రేటు కాస్త పెంచే చెప్పింది. ఆయన తల ఊపి డబ్బు ముందే చేతిలో పెట్టాడు.

సంచి విప్పితే పొట్టు తీసిన తెల్లటి పలుకులు. అత్తగారు ఒకటి పంటికింద వేసుకుని, పన్ను జివ్వుమనడంతో ఉమ్మేసింది.

"చింతపిక్కలు కదయ్యా ఇవి. వేయించి పొట్టు తీశావు. ఎందుకు?"

"పశువుల దాణాలోకి, పెద్దమ్మా."

వ్యాను వెళ్ళిపోయాక ఆవిడ గొంతు తగ్గించింది. "బేరమాడని మనిషిని నమ్మకే. అయితే వాడిది దొంగడబ్బయినా అయ్యుండాలి, లేదా మనకు తెలీకుండా మన దగ్గర ఇంకేదో పట్టుకుపోతూ ఉండాలి."

"పని ఇచ్చినవాళ్ళని కూడా అనుమానిస్తే ఎలా అత్తయ్యా?"

"అనుమానం నాకు జబ్బు కాదే, మందు. ఈ వయసుదాకా దాంతోనే నెట్టుకొచ్చాను."

వదిన నవ్వేసింది కానీ, ఆ మాట చెవిలోంచి పోలేదు. టోపీ ఆయన వారం వారం వచ్చాడు. ఎక్కడినుంచి తెస్తున్నారంటే చేత్తో అటు ఎటో చూపించేవాడు. ఎక్కడికి తీసుకెళ్తారంటే దగ్గరేననేవాడు. ఒకరోజు మాటల్లో, అగరొత్తుల పనికి ఈ పిండి బాగుంటుందన్నాడు.

"మొదట దాణా అన్నారుగా?"

"దానికీ వాడతారు, దీనికీ వాడతారు లెండి" అని వ్యాను కిందికి వంగి, బాగానే ఉన్న చక్రాన్ని పరీక్షగా చూడసాగాడు.

ఆ రాత్రి వదినకు అన్నం సయించలేదు. మిరప్పొడిలో ఇటుకపొడి కలిపేవాళ్ళ గురించి విన్నది. కాఫీపొడిలో చింతపిక్కలు కలుపుతారని కూడా విన్నది. రేపు ఎవరైనా పట్టుకుంటే, ఆడించింది ఎవరంటే తన మరే కదా.

మర్నాడు పొద్దున్నే పాలుపోసే పిన్ని గోధుమపిండి గిన్నె పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇదేం పిండి వదినా? నీళ్ళు పోస్తే బంకలా సాగుతోంది. పిండిలో పిక్కలు కలిపి తూకం సరిపెడుతున్నావని ఊరంతా అంటున్నారు. నేను మాత్రం నమ్మలేదు."

నమ్మనిది గిన్నె ఎందుకు తెచ్చినట్టు? వదిన ఖండించింది. ప్రతిసారీ రాళ్ళు తుడిచే గోధుమలు పోస్తున్నానంది. పిన్ని వెళ్ళాక మాత్రం తలుపు దగ్గరికేసి, తమ ఇంట్లో పిండి గుప్పెడు తీసి తడిపి చూసింది. వేళ్ళకు జిగురు అంటుకుంది. రాళ్ళ గంట్లలో ఇరుక్కున్న పిక్కల పొడి గుడ్డతో తుడిస్తే పోలేదన్నమాట. ఊరు అన్న మాట అబద్ధం. దానికి కారణం మాత్రం నిజం. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ వారం పిండి పట్టించుకున్నవాళ్ళందరికీ మళ్ళీ ఆడించి ఇస్తానని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చెప్పడంతో, అప్పటిదాకా అనుమానం లేనివాళ్ళకు కూడా అనుమానం వచ్చింది.

టోపీ ఆయన పిండి పట్టుకెళ్ళడానికి ఖాళీ సంచులు ఇచ్చి పోయేవాడు. వాటిని దులుపుతుంటే ఒకనాడు అత్తగారి చేతికి దారప్పోగులు తగిలాయి, నీలివీ పసుపువీ.

"దాణా అమ్మేవాడి సంచిలో దారాలెందుకుంటాయే?"

మర్నాడు వ్యాను కదలగానే అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కారు. నువ్వు రావద్దంటే అత్తగారు ఆగే మనిషి కాదు. పట్నంలో దారం పని అంటే మగ్గాల వీధే. రెండు పక్కలా షెడ్లు, ఒకరి మాట ఒకరికి వినపడనంత టకటక. వీధి చివర ఒక షెడ్డు ముందు ఆ వ్యాను కనపడింది. ఎదురుగా ఉన్న టీకొట్టు వెనక నిలబడి, ఆయన వెళ్ళిపోయేదాకా ఆగారు.

లోపల పెద్ద గుండిగలో తెల్లటి జావలాంటిది ఉడుకుతోంది. షెడ్డు నడిపే ఆవిడ కర్రతో కలియబెడుతూ వీళ్ళని ఎగాదిగా చూసింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని? పక్క షెడ్డువాళ్ళా?"

"ఎవరూ పంపలేదమ్మా. ఆ గుండిగలో ఉన్నది మా మరలో ఆడించిన పిండి. అది దేనికో చూద్దామని వచ్చాం" అంది వదిన.

"మీ మరా? ఆయనకు సొంత మర ఉందని చెప్పాడే."

"ఉంది. దానికి ఒక అత్త, ఒక కోడలు కూడా ఉన్నారు" అంది అత్తగారు.

మగ్గాలావిడ కర్ర ఆపి నవ్వింది. ఆ జావ నూలుకు పట్టించే గంజి అని, అది పట్టిస్తే మగ్గం మీద పోగు తెగదని చెప్పింది. తినేదాంట్లో కలపడం, కల్తీ, ఏమీ లేవు. వదిన గుండెల మీంచి బండ దిగింది. గుమ్మందాకా సాగనంపుతూ ఆవిడ మెల్లగా అంది: "మధ్యలో ఆయనెందుకు? మీరే నేరుగా తెచ్చి పొయ్యండి. ఇద్దరికీ మిగులుతుంది."

తిరుగు బస్సులో అత్తగారు ఆ మాటే నమిలింది. "మంచి అవకాశమే. అబద్ధాలకోరుకి అదే శాస్తి."

వదిన కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పిక్కలు ఎక్కడ దొరుకుతాయో, ఎంత వేడిలో వేయించాలో ఆయనకే తెలుసు. అది సరే, ఇవాళ ఆయన్ని దాటేసి తనను పిలిచిన మనిషి రేపు తనను దాటేసి ఇంకొకర్ని పిలవదా?

టోపీ ఆయన మళ్ళీ వచ్చినప్పుడు వదిన సంచులు దించనివ్వలేదు. "మగ్గాల వీధికి వెళ్ళొచ్చామన్నా" అంది.

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. జుట్టు పలచబడిన తలతో ఇంకెవరోలా కనిపించాడు.

"అయితే బేరం కుదిరిపోయిందా మీకు?" అన్నాడు. "ఇంతకుముందు ఇంకో ఊళ్ళో ఆడించేవాణ్ణి. సొంతవాడు కదా అని మరాయనకు అన్నీ చెప్పాను. నన్ను పక్కన పెట్టి ఆయనే వెళ్ళి పోసుకున్నాడు. అందుకే ఈసారి నోరు కుట్టేసుకున్నాను."

"మీరు నోరు కుట్టుకుంటే మా ఊరికి నా మీద నమ్మకం పోయింది. జిగురుపిండి అని ముందే చెప్పి ఉంటే రాళ్ళు వేరే పెట్టేదాన్ని."

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"ఈ రాళ్ళ మీద ఇక పిక్కలు పడవు. పాత మర ఒకటి వేరే తెచ్చి పెట్టండి, షెడ్డు నాది. పిక్కలు మీరు తెండి, ఆడించేది నేను. నేను పట్నం వెళ్ళి అమ్మను. మీరు ఇంకో మరకు వెళ్ళకూడదు."

"మీరు అమ్మరని నేనెలా నమ్మాలి?"

"నమ్మొద్దు. మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోండి. నేనూ ఎప్పుడైనా మీ చోటికి వచ్చి చూస్తాను."

ఆయనకు ఆ మాట, ఒట్టు పెట్టుకున్నదాని కన్నా నచ్చింది.

పాత మర వచ్చింది. దానికి పెరటివైపు ఇంకో రేకుల పంచ దించారు. గోధుమలు పట్టించుకునేవాళ్ళు కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. పాలుపోసే పిన్ని ఇప్పటికీ పొట్లమే కొంటుంది. కరెంటు పోయినప్పుడు రెండు మరలూ ఒకేసారి ఆగుతాయి. అంతకుముందు ఒక్కదానికే బాధపడితే చాలేది.

అయితే చింతపండు దంచి పిక్కలు పెంటమీద పారబోసే ఆడవాళ్ళు వాటిని కడిగి, ఆరబెట్టి తేవడం మొదలుపెట్టారు. టోపీ ఆయన తరఫున కొని, వేయించడానికి ఆయనకు అప్పజెప్పే బాధ్యత అత్తగారిది. ఒకామె సంచి తెచ్చి దించగానే ఆవిడ మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి గుప్పెడు తీసింది. రెండు గులకరాళ్ళు వచ్చాయి.

"కడిగేటప్పుడు కలిసుంటాయి పెద్దమ్మా."

"కలిసుంటాయి తల్లీ. సంచి మొత్తం బల్ల మీద పొయ్యి, మనిద్దరం కూర్చుని ఏరుదాం."

ఆమె గొణుక్కుంటూనే కూర్చుంది. ఇద్దరూ మధ్యాహ్నందాకా ఏరారు.