అంచు లేని తెల్లకోకలు

మొన్న ఇస్త్రీ బండి ఆయన నా తెల్లచీర మెత్తగా మడిచి తెచ్చి ఇస్తే తిప్పి పంపేశాను. గంజి లేదు. "ఈ వయసులో ఎవురు సూస్తారులేమ్మా" అన్నాడు. నేను చూస్తాను కదయ్యా అన్నాను. గొణుక్కుంటూ తీసుకుపోయాడు. ఆసుపత్రి కొలువు మానేసి ఎన్నో ఏళ్ళయినా, కుచ్చిళ్ళు నిటారుగా నిలబడకపోతే నాకు ఆ పూట ఏ పనీ సాగదు. ఈ జబ్బు నాకు అంటుకున్నది చిత్తూరులో, పెద్ద యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో.

ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక ఆసుపత్రిలో నర్సు పని నేర్పి కొలువిస్తామన్నారు. నాయన బంగారుపాళ్యం తోటల్లో మామిడికాయల బేరం చేసేవాడు. యుద్ధమొచ్చి బేరాలు పడిపోయినా ఆయన నోరు మాత్రం పడిపోలేదు. "నా కూతురు కొలువుకు పోతాది" అని వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. ఆసుపత్రిలో పెద్ద నర్సమ్మ నన్ను పై నుంచి కింది దాకా చూసి, ఒకటో తేదీకి ఎలా రావాలో చెప్పింది. అంచు లేని తెల్లకోక, మోచేతుల దాకా తెల్లరవిక, తెల్లబూట్లు, నూనె కారని జుట్టు. అలా రాకపోతే గేటు దగ్గర నుంచే వెనక్కి పోవాలి, ఆ చోటు ఇంకొకరికి. నూనె కారని జుట్టు అన్న మాటకే మా అవ్వకు సగం కోపం వచ్చింది. మిగతా సగం కోకలకు వచ్చింది.

అవ్వ అంటే నాయనకు అమ్మ. మా అమ్మ నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచింది ఆమే. నాయన చంకలో ఉన్నప్పుడే మా తాత పోయాడు. ఆనాటి నుంచి అవ్వ ఒంటి మీద తెల్లకోక తప్ప మరొకటి ఎవరూ చూడలేదు. నా నోటి నుంచి తెల్లకోక అన్న మాట రాగానే ఆమె చేతిలోని చేట కింద పెట్టేసింది. "పెండ్లి గాని బిడ్డకి తెల్లకోకా? నేను కట్టింది సాలదా ఈ ఇంటికి? అంచు లేని కోక నీ ఒంటి మింద పడిన పొద్దు నా నోట్లో మెతుకు పడదు, సూసుకో" అంది. మా అవ్వ ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. ఒకసారి నాయన మీద అలిగి నిజంగానే పస్తుండి ఆయన్ని ఏడిపించి, ఆ తర్వాతే తిన్నది.

అవ్వ సంగతి అలా ఉంటే, అసలు గుడ్డే దొరకని కాలం అది. సర్కారు కొలిచి ఇచ్చే కంట్రోలు అంగడికి ఏది వస్తే అదే గుడ్డ. ఖాకీ వస్తే ఆ నెల వీధిలో ముసలివాళ్ళ చొక్కాలు, పిల్లల గౌన్లు అన్నీ ఖాకీయే. నాయనకు నగరిలో తెలిసిన నేతగాడు ఒకాయన ఉండేవాడు. అవ్వకు చెప్పకుండా నాయన బొగ్గుతో నడిచే బస్సెక్కి నగరి పోయాడు. పంచె నల్లగా చేసుకుని ఆయన ఇంట్లో దిగి, "బిడ్డకి తెల్లకోకలు కావల్లప్పా, అంచు వద్దు" అన్నాడట. మగ్గం ఆగిపోయింది. నేతగాడి భార్య లోపలి నుంచి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, బిడ్డకి పెండ్లెప్పుడు చేసినారు? మాకు ఒక్క మాటన్నా చెప్పకపోతిరే!" అని ఏడ్చింది. నాయన కంగారుపడి "పెండ్లి కాలేదమ్మా" అన్నాడు. దాంతో ఆమె ఏడుపు రెట్టింపైంది. పక్కిండ్లవాళ్ళు వచ్చారు. ఒకామె నాయనకు మజ్జిగ ఇచ్చి ఓదార్చింది. ఆసుపత్రి, కొలువు, పెద్ద నర్సమ్మ అని ఆయన వివరించేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అంతా విన్న నేతగాడు, "కొలువైతే ఏమప్పా, పెండ్లి గాని బిడ్డకి అంచు లేకుండా నా మగ్గం మింద నెయ్యను" అని తెగేసి చెప్పాడు. నేసి పంపిన కోకలకు రెండు పక్కలా వేలి మందాన ఎర్రటి అంచు ఉంది.

వాటిని చూసి అవ్వ ముఖం వెలిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అంచు ఉంటే పెద్ద నర్సమ్మ రానివ్వదు, అంచు తీసేస్తే అవ్వ తినదు. కత్తెర పట్టుకుని కూర్చున్నాను గానీ అవ్వ ఎదురుగా ఉండగా చెయ్యి ఆడలేదు. చివరికి కత్తెర పక్కన పెట్టి సూది తీసుకున్నాను. అంచు మొత్తాన్ని లోపలికి మడిచి, తెల్లదారంతో పొడుగునా సన్నగా కుట్టేశాను. అది ముతక నూలు. మడిచి చిక్కటి గంజి పెడితే ఎరుపు జాడ కూడా బయటికి రాలేదు. అవ్వ వచ్చి మడతను గోటితో ఎత్తి చూసి, ఎరుపు లోపల ఉందని రూఢి చేసుకుంది. "ఉండాదిలే" అని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది. తెల్లబూట్లు ఎక్కడా దొరక్క, నాయన ఎవరో వాడి వదిలేసిన గుడ్డబూట్లు తెచ్చి వాటికి సుద్ద పూశాడు.

ఒకటో తేదీ పొద్దున పెద్ద నర్సమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. నా దగ్గర ఆగింది. అంచు దగ్గర కుట్టు చూసి వంగి మడత తిప్పింది. ఎరుపు కనబడింది. అబద్ధం తోచక, అవ్వ తినదని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె ఆ కుట్టును చాలాసేపు చూసి, "ఇంత సన్నగా ఎవరు కుట్టారు?" అంది. నేనే అన్నాను. "లోపల ఏముందో నాకు అనవసరం. రేపటి నుంచి కుట్లు వేసే గదిలో ఉండు" అని ముందుకు వెళ్ళిపోయింది. ఆ రోజు వరండా పొడుగునా నేను నడిచిన నడక ఇప్పటి మహారాణులకు కూడా చేతకాదు. ఆనాటి నుంచి గంజి కోక చప్పుడు నాకంటే ముందే వార్డులోకి పోయేది. నొప్పితో మూలిగేవాళ్ళు ఆ చప్పుడు వినగానే "అమ్మ వచ్చె, అమ్మ వచ్చె" అని తలలు ఎత్తేవాళ్ళు.

కొన్నాళ్ళకు అవ్వ నాకు సంగటి తీసుకుని ఆసుపత్రికి వచ్చి, దారి తెలియక ఆడవాళ్ళ వార్డు వాకిట్లో నిలబడింది. మసక చూపున్న ఒక బాలింత తెల్లకోక చూసి నర్సమ్మే అనుకుని, "వచ్చినావా తల్లీ, నీ కోసమే సూస్తా ఉండాను, దగ్గిరికి రా" అని చెయ్యి చాపింది. అవ్వ అటూ ఇటూ చూసింది. పిలిచింది తననే అని తెలిశాక మెల్లగా పోయి ఆ చెయ్యి పట్టుకుని, నేను వచ్చేదాకా వదల్లేదు. ఇంటికి పోయేటప్పుడు దారంతా తన చేతినే తిప్పి తిప్పి చూసుకుంది.

మా ఇంట్లో ఎవరు బయల్దేరుతున్నా, తన ముఖం ఎదురుపడకూడదని అవ్వ లోపలి గదిలోకి పోయి తలుపు మూసుకునేది. నాయన పెండ్లికి తరలిపోయేటప్పుడు కూడా అంతేనట. మర్నాడు నేను బూట్లు తొడుక్కుంటూ ఉంటే ఆ తలుపు చప్పుడు వినబడలేదు. తలెత్తి చూస్తే అవ్వ వీధిలో, సరిగ్గా మా గడపకెదురుగా నిలబడి ఉంది. తలారా స్నానం చేసింది, ఉతికిన కోక కట్టింది. వీధి వీధంతా చూస్తున్నా లెక్కచేయకుండా నాకు ఎదురు నడిచి వచ్చింది. "పో బిడ్డా, నీ కోసం ఆడ సూస్తా ఉంటారు" అంది. నాయన గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను మాత్రం నవ్వుకుంటూ, ఆమెను దాటుకుని పోయాను. కాలం తీసుకున్నది తిరిగి ఇవ్వదంటారు గానీ, గదిలో పెట్టి మూసిన అన్ని ఏళ్ళకూ బదులుగా మా అవ్వకు అది ఒక వీధి మొత్తాన్ని ఇచ్చింది.