ఎడమ నుండి కుడికి

మా ఇంటి బీరువా అడుగు అరలోని ఆల్బం తెరిచినప్పుడల్లా కలరా ఉండల ఘాటు, ఎండిన బంక వాసన, నల్లని అట్ట పుటల మధ్య ఏళ్ల తరబడి నిలిచిపోయిన గాలి ఒక్కసారిగా ముఖానికి తగులుతాయి. జీవితమంతా బడిలో హాజరుపట్టీలు నడిపిన దానిని కాబట్టి ఫోటోల విషయంలోనూ నేను క్రమం తప్పలేదు. ప్రతి ఫోటోకూ నాలుగు వైపులా కాగితపు మూలలు అతికించి, కింద తెల్ల సిరాతో, ఎడమ నుండి కుడికి, ఎవరెవరో రాసి పెట్టాను. పేరు లేని మనిషి ఆ ఆల్బంలో ఒక్కరూ లేరని చాలాకాలం గర్వపడ్డాను.

అవన్నీ దసరా సెలవుల ఫోటోలు. మా చిన్నతనాన మెదక్‌లో సెలవులంటే దూరపు ఊళ్లు తిరగడం కాదు. వానలు వెనుకబట్టాక, పోచారం చెరువు నిండి మత్తడి దూకుతున్నదని బస్సు దిగిన వారెవరో చెప్పగానే, ఇంటిల్లిపాదీ ఒక పగలు అక్కడ గడిపి రావడం. అమ్మ తెల్లవారుజామునే జొన్నరొట్టెలు చేసి, రోట్లో నూరిన ఎల్లిపాయ కారంతో పాటు బతుకమ్మకు చేసిన మలీద ముద్దల్లో మిగిలినవి ఇత్తడి డబ్బాలో సర్దేది. గంపలో గడ్డి కింద మెత్తబడుతున్న సీతాఫలాలు బస్సంతా తీపి వాసన నింపేవి. కట్ట మీదికి చేరగానే, మత్తడి తుంపర ముఖాలను తడుపుతుండగా, నేనూ తమ్ముడు నర్సింలూ సీతాఫలం గింజలు ఎవరు దూరం ఉమ్ముతారని పందెం వేసుకునేవాళ్లం; గెలుపు ఎప్పుడూ వాడిదే.

బాపు ఆ ఒక్కరోజు కోసం ఫోటో స్టూడియో ఖాదర్ మామ దగ్గర డబ్బా కెమెరా కిరాయికి తెచ్చేవాడు. రీలుకు ఎనిమిదే ఫోటోలు. అందుకని మమ్మల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టి, కొంగులు సరిచేయించి, ఊపిరి బిగబట్టమని చెప్పి, అప్పుడు గాని మీట నొక్కేవాడు కాదు. నాలోని క్రమశిక్షణకు తొలి గురువు ఆ డబ్బాయే.

ఆ వరుసలో నాయనమ్మ ఉండేది కాదు. తాత పోయిన నాటి నుండి పండుగ ఫోటోలో తాను నిలబడకూడదని ఆమె పెట్టుకున్న నియమం. మా చెప్పులూ సంచులూ పోగు చేసుకొని ఒక పక్కకు తొలగిపోయేది.

"అవ్వా, ఈసారన్న నిలబడరాదే. పిల్లలు పెద్దగైనంక నీ మొకం యాడ సూడాలె?" అని బాపు ఏటా బతిమాలేవాడు.

"నేను నిలబడితే చెప్పులు కుక్కలెత్తుకపోతయి. నువ్వు తియ్యిరా," అనేది.

నాకు పదకొండో ఏడు నడుస్తున్న సంవత్సరం, ఏమనుకున్నదో, ఆమె ఒప్పుకుంది. "ఒక్కదాన్నే నిలబడ్త. మీ పక్కకు మాత్రం రాను," అన్నది. మత్తడి నీళ్లతో ముఖం కడుక్కొని, నెరిసిన జుట్టు తడిచేత్తో దువ్వుకొని, ఎనిమిదో ఫోటోకు నిటారుగా నిలబడింది. ఫోటో తీశాక బాపు కెమెరాను సంచి మీద పెట్టి, అమ్మతో, తమ్ముడితో కలిసి సామాన్లు సర్దడానికి వెళ్లాడు. నాయనమ్మ నా చెవి దగ్గరికి వంగి, సిగ్గుపడుతూ అడిగింది.

"బిడ్డా, మంచిగ పడ్డనా? జర సూడు."

తరగతిలో మొదటిదానిని, తెలియదని చెప్పడం నాకు అలవాటు లేదు. గొళ్లెం తీసి కెమెరా వెనుక తలుపు తెరిచాను. నిండు ఎండలో ఎర్రని కాగితం తప్ప ఏమీ కనిపించలేదు. మూసేశాను.

"మస్తు మంచిగ పడ్డవు నాయనమ్మా," అన్నాను. ఆమె ముఖం ఎంతగా వెలిగిందో నాకు నేటికీ కళ్లకు కట్టినట్టుంది.

నాలుగు రోజుల తర్వాత బాపు స్టూడియో నుండి ఐదే ఫోటోలతో వచ్చాడు. చివరి మూడూ వెలుతురు తగిలి మాడిపోయాయి. "ఎవలో డబ్బ తెరిచిండ్రని ఖాదర్ అంటుండు," అని తమ్ముడి వైపు తిరిగాడు. అంతకు కొన్నాళ్ల ముందే గోడగడియారం విప్పి పళ్లెంలో పోసిన ఘనుడు వాడు. బాపు చెయ్యి లేచింది. నేను పుస్తకంలో తల దూర్చాను.

నేను తెరవడం చూసినది నాయనమ్మ ఒక్కతే. నా వైపు ఒకసారి చూసి, నర్సింలును తన వెనక్కు లాక్కున్నది. "పోరని మీదికి ఎందుకు లేస్తవురా? నా మొకానికి ఫోటో రాసిపెట్టి లేదు. పండుగపూట నిలబడొద్దంటే నిలబెట్టినవు," అన్నది.

ఆ మాట ఇంట్లో నిజమై కూర్చుంది. ఆ తర్వాత ఆమెను నిలబడమని ఎవరూ అడగలేదు. నేను నోరు విప్పి ఉంటే, తప్పు వెలుతురుదీ నాదీ తప్ప ఆమె నుదుటిది కాదని తేలి, బాపు మరుసటి వారమే ఆమెను స్టూడియోకు తీసుకెళ్లేవాడు. మరుసటి దసరాకు ఆమె లేదు.

ఈ ఏడు పెత్రమాస నాడు తమ్ముడి ఇంట్లో పెద్దలకు పెట్టుకున్నాము. తాత, బాపు, అమ్మల ఫోటోల ముందు తలా ఒక విస్తరి. నాలుగో విస్తరి ముందు ఫోటోకు బదులు, ఎప్పటిలాగే, నాయనమ్మ కంచు చెంబు. తమ్ముడి మనుమరాలు దానినే చూస్తూ అడిగింది.

"తాతా, గీ చెంబు మనకేమైతది?"

అందరూ నవ్వారు. నేను నా విస్తరి మడిచి లేచాను. చేతులు కడుక్కున్నాక, అందరూ వింటుండగా, తమ్ముడికి జరిగినదంతా చెప్పాను.

"ఊరి పిల్లలందరికి గోడకుర్చీ ఏయించినవు గదక్కా," అన్నాడు వాడు. "మరి నువ్వెప్పుడేస్తవు?"

"మోకాళ్లు సహకరించవురా."

"గట్లనైతే నాయనమ్మను ఎతికియ్యి. గదే నీకు శిక్ష."

ఖాదర్ మామ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. డబ్బా కెమెరా లేదు, రీలు లేదు, ఫోటో కోసం నాలుగు రోజులు ఎదురుచూసే ఓపికా లేదు. మత్తడి మాత్రం దూకుతూనే ఉంది. ఇంటికి వచ్చి ఆల్బం ముందేసుకొని, ఆ ఏటి ఐదు ఫోటోలనూ భూతద్దంతో అంచు నుండి అంచు దాకా చూశాను. నాలుగో దానిలో, అమ్మకు అవతల, కుడి అంచున, మోచేతి దాకా ఒక చెయ్యి ఉంది. ఆ చేతిలో రెండు జతల చిన్న చెప్పులున్నాయి, ఒకటి నాది.

తెల్ల సిరా ఏనాడో ఎండిపోయింది. సున్నపు బలపం చెక్కి, అమ్మ పేరు పక్కన, నా చేతనైనంత నిటారైన అక్షరాలతో రాశాను: కుడి చివర, మా నాయనమ్మ ఎల్లమ్మ.