మారిన కుర్చీ

ఎనిమిదో తరగతి టీచరమ్మ కళ్లజోడు తీసి తుడిచిందంటే ఎవరికో మూడిందన్నమాటే. ఎదుటివాళ్ల బాధ తెలిసిరావాలని, శుక్రవారం చివరి పీరియడ్లో పిల్లల్ని ఒకరి కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి, వాళ్లే తామనుకుని మాట్లాడమంటుంది. ఆమె కూతురిదీ అదే తరగతి. పిల్లకి నత్తి. క్లాసు లీడరు దానికి ‘బ్రేకుల బండి’ అని పేరు పెట్టింది. పిల్లలిద్దరూ మర్నాటికే కలిసిపోయారు గానీ తల్లి కడుపుమంట చల్లారలేదు. ఆ శుక్రవారం కళ్లజోడు తళతళలాడేదాకా తుడిచి, లీడర్ని కూతురి కుర్చీలో కూర్చోబెట్టింది. “ఇప్పుడు నువ్వే నా కూతురివి. చెప్పు తల్లీ, ఎలా ఉంటుందో!” అంది, తేనె పూసిన కత్తిలాంటి గొంతుతో. ఆ పిల్ల బొటబొటా కన్నీళ్లు కారుస్తుంటే కళ్లారా చూడాలని ఆమె ఆశ.

లీడరు తల వంచుకుంది. “బళ్లో వెక్కిరిస్తే ఏడుపొచ్చింది టీచర్. ఇంట్లో ఇంకా కష్టం. నేను నోరు తెరిస్తే చాలు, మిగతాదంతా మా అమ్మే అనేస్తుంది.”

టీచరమ్మ మొహం జేవురించింది. “ఎవరే నీకు చెప్పింది?”

కూతురు లేచి నిలబడింది. “నే... నే...”

“నేనే చెప్పానంటావు, అంతేగా!” అని అరిచింది తల్లి.

తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. కూతురు తల్లి కళ్లలోకి సూటిగా చూస్తూ, నెమ్మదిగా కూర్చుంది. ఇంక చెప్పాల్సిందేమీ మిగల్లేదు.