వెల్డింగు షెడ్డులో కంటి వైద్యం

ఆ సందులో వరసగా ఆరు ఇనప షెడ్లున్నాయి. గేట్లు చేసేవి మూడు, లారీ బాడీలు కట్టేవి రెండు, పాత మోటార్లు విప్పేది ఒకటి. ఏ షెడ్డులో ఎవరి కంటికి దెబ్బ తగిలినా వచ్చేది మూడో షెడ్డుకే. ముసుగు దించుకునేలోపే పక్కవాడు ఆర్క్ కొట్టి ఆ మెరుపు కంట్లో పడితే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. సాయంత్రానికి మాత్రం కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టు ఉంటుంది. అలా కళ్ళు నులుముకుంటూ వచ్చినవాణ్ణి మూడో షెడ్డు వెల్డరు స్టూలు మీద కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, గోడకున్న రేకు డబ్బాలోంచి చిన్న సీసా తీసి రెండేసి చుక్కలు వేసేవాడు. పొద్దున్నకల్లా ఎరుపు పోయేది. అందుకే సందంతా ఆయన్ని కళ్ళ మేస్త్రి అనేది.

ఆ సీసా ఎప్పుడో ఆయన కంటికే ఒక డాక్టరు రాసిచ్చింది. అది అయిపోయినప్పుడల్లా ఖాళీ సీసా మందుల షాపులో చూపించి, అలాంటిదే మరొకటి తెచ్చుకునేవాడు. దాని మీద ఏం రాసుందో చదివినవాళ్ళు ఆ సందులో లేరు. పని చేస్తున్నదాన్ని చదవడమెందుకు అన్నట్టు ఉండేది వ్యవహారం.

మేస్త్రికి ఒక కుక్క ఉంది. పిల్లగా ఉన్నప్పుడు వచ్చి బోల్టుల గోతం మీద పడుకుంది కాబట్టి దాని పేరు బోల్టు. గోధుమ రంగు ఒళ్ళు, ఒక చెవి మడత, ఎనిమిదేళ్ళ వయసు. కొన్ని నెలలుగా రోజూ పొద్దున్నే దాని కళ్ళలో జిగటగా పుసి కట్టేది. షెడ్డు దుమ్మేలే అనుకుని మేస్త్రి చేతికందిన గుడ్డతో తుడిచేసేవాడు.

ఒక సోమవారం బోల్టు కుడి కన్ను తెరవలేదు. సగం మూసి నీళ్ళు కారుస్తూ, మాటిమాటికీ ముందుకాలితో రుద్దుకుంటూ, వెలుతురు పడని మూలకి వెళ్ళి పడుకుంది.

"ఆర్క్ కొట్టిందిరా దీనికి," అన్నాడు మేస్త్రి. "ఎప్పుడు చూడూ నేను పని చేసే వైపే మొహం పెట్టుకుని పడుకుంటుంది."

గ్రైండింగు పని చూసే బావమరిది మిషన్ ఆపి వచ్చాడు. "కుక్కకి కూడా ముసుగు కుట్టించాల్సింది బావా. మా అక్కకి తెచ్చిన చీరలకంటే చవగ్గానే అయ్యేది."

"మీ అక్కకి నేను చీర తెచ్చి ఎన్నాళ్ళయిందో నీకేం తెలుసురా?"

"అందుకేగా, ఆ మిగిలిన డబ్బుతో ముసుగు కుట్టించమంటున్నాను!"

మేస్త్రి రేకు డబ్బాలోంచి సీసా తీసి రెండు చుక్కలు వేశాడు. మర్నాటికి బోల్టు కన్ను కాస్త తెరిచింది. తెల్లగుడ్డులో ఎరుపు కూడా తగ్గింది. "చూశావా!" అని మేస్త్రి మీసం దువ్వాడు. రోజుకి మూడుసార్లు వేశాడు. బుధవారానికి నల్లగుడ్డు మీద నీలంగా పొగ కమ్మింది. గురువారానికి ఆ పొగ మధ్యలో చిన్న గుంట పడింది. గుంట అంచు నానిన సబ్బులా జారుగా కనిపించింది.

మేస్త్రికి ఇదేమిటో అంతుపట్టలేదు. ఎరుపు తగ్గింది, కన్ను చెడింది. ఎంతమంది కళ్ళు చూడలేదూ, ఇలాంటిది ఎప్పుడూ ఎదురు కాలేదు.

"శుక్లమేమో బావా, వయసొచ్చింది కదా," అన్నాడు బావమరిది.

"శుక్లం మూడు రోజుల్లో వస్తుందా?"

భోజనం డబ్బా పట్టుకొచ్చిన మేస్త్రి ఇల్లాలు కుక్క మొహం చూసి డబ్బా కిందపెట్టింది. "మీ వైద్యం మీరు మనుషులకి చేసుకోండి. ముందు దీన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. చేతికున్న గడియారం విప్పి జేబులో వేసుకుని, బోల్టుని స్టీలు బల్ల మీదికి ఎక్కించమంది. బావమరిది తల పట్టుకున్నాడు. ఆమె కింది రెప్ప లోపల సన్నటి కాగితం ముక్క పెట్టి ఒక నిమిషం ఆగింది. రెండో కంటికీ అలాగే చేసింది. రెండు కాగితాల్లోనూ తడి కొంచెమే పాకింది.

"కళ్ళు ఎండిపోయాయి బాబాయ్. కన్నీళ్ళు సరిపడా ఊరడం లేదు."

మేస్త్రి ఆమె మొహం చూశాడు, కుక్క మొహం చూశాడు. "ఎండిపోవడమేంటమ్మా? నాలుగు రోజులుగా కారుతూనే ఉంటే!"

"కారుతున్నది నొప్పికి, మంటకి. రోజూ కంటిని తడిపే మంచి నీరు వేరు. అది తక్కువైతే దాని బదులు జిగట పుట్టుకొస్తుంది. పొద్దున్నే పుసి కట్టేదా?"

"నెలల తరబడి కట్టింది. దుమ్ము అనుకున్నాను."

"శరీరంలో రక్షణకి ఉన్న కణాలే దారి తప్పి, కన్నీరు చేసే గ్రంథుల్ని పాడుచేస్తాయి. చాలా కుక్కల్లో కళ్ళు ఎండేది అందుకే. తడి లేని కంటిని గుడ్డతో తుడిచినా, కాలితో రుద్దుకున్నా పైపొర గీసుకుపోతుంది. ఇప్పుడు చూడండి."

ఆమె నారింజ రంగు కాగితం కొసని ఉప్పునీటితో తడిపి కంటికి తాకించింది. గది లైటు ఆర్పి నీలం లైటు వేసింది. నల్లగుడ్డు మీద కందిగింజంత మేర పచ్చగా వెలిగింది.

"పచ్చగా ఉన్నంతా పుండు. నల్లగుడ్డు మీద అద్దంలా పారదర్శకంగా ఒక పొర ఉంటుంది, దాన్ని కార్నియా అంటాం. శుక్లం లోపలెక్కడో వస్తుంది. ఇది బయటి పొర."

మేస్త్రికి ముసుగు గుర్తొచ్చింది. అందులో నల్ల అద్దానికి ముందు ఒక తెల్ల అద్దం ఉంటుంది. నిప్పురవ్వలు పడి అది మసకబారితే తీసేసి కొత్తది వేస్తారు. "ఈ అద్దం మార్చలేమా అమ్మా?"

"మార్చలేం. ఉన్నదాన్నే కాపాడుకోవాలి. అంచులు కరగడం మొదలైంది, ఎందుకింత తొందరగా కరిగిందో మరి. ఏమైనా మందు వేశారా?"

"ఏం లేదమ్మా," అన్నాడు మేస్త్రి గబుక్కున.

బావమరిది అతని వైపు చూశాడు. మేస్త్రి గోడ మీది పటం చూడసాగాడు. కాసేపటికి తనే చొక్కా జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది వేశాను. మా సందులో అందరికీ ఇదే."

డాక్టరమ్మ సీసా వెలుతురుకి పెట్టి చదివింది.

"ఇది స్టెరాయిడ్ బాబాయ్. ఎరుపుని అణుస్తుంది. కానీ పుండుని మాననివ్వదు, కరగడాన్ని ఇంకా పెంచుతుంది. మనుషుల కంటికైనా డాక్టరు చూడకుండా వేయకూడదు."

"మొదటి రోజు తగ్గింది కదమ్మా?"

"తగ్గినట్టు కనిపించింది."

ఆ రెండింటికీ తేడా ఏమిటో మేస్త్రికి బోధపడలేదు. ముప్పై ఏళ్ళుగా తను చూసినదంతా కనిపించడమేనా?

డాక్టరమ్మ బోల్టు కాలినుంచి రక్తం తీసి, మిషన్‌లో తిప్పి, పైకి తేలిన పసుప్పచ్చని సీరంని చిన్న సీసాలో పోసింది. పుండు కరగకుండా ఆపడానికి దాని రక్తంలోదే మందు అంది. గంట గంటకీ ఒక చుక్క. సూక్ష్మజీవుల్ని చంపేది ఇంకోటి. కంటిలోపలి బిగువు సడలించి నొప్పి తగ్గించేది మూడోది. ఒకదానికీ మరోదానికీ నడుమ ఐదు నిమిషాలు ఆగాలి. రుద్దుకోకుండా మెడకి ప్లాస్టిక్ గరాటా. "సోమవారం దాకా చూద్దాం. గుంట లోతైతే ఆపరేషనే. చిల్లు పడితే కన్ను దక్కదు."

మేస్త్రి పనులన్నీ బావమరిదికి వదిలేశాడు. మూడు సీసాలూ ఒకేలా ఉండటంతో, ఇనప ముక్కలకి పెట్టినట్టే పెయింటుతో గుర్తులు పెట్టాడు. ఒక గీత, రెండు గీతలు, చుక్క. అయినా వేసింది గీతా చుక్కా అని మధ్యలో అనుమానం వచ్చేది. గరాటా అంచు మెడకి ఒరుసుకుంటోందని కిటికీ ఫ్రేములకి వాడే రబ్బరు బీడింగు తెచ్చి చుట్టూ తొడిగాడు.

"లౌడు స్పీకరు బాగా కుదిరింది," అన్నాడు బావమరిది. "ఇక ప్రకటనలు చెయ్యడమే తరువాయి."

శుక్రవారం బోల్టు కంటిపాప బాగా పెద్దదై, కన్నంతా నల్లగా నిండిపోయింది. మేస్త్రి చెప్పులేసుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తాడు.

"మూడో మందు పని అది. నొప్పి తగ్గడానికే వేశాం," అంది డాక్టరమ్మ.

సోమవారం పరీక్షలో గుంట లోతు పెరగలేదు. ఆపరేషను మాట మళ్ళీ ఎత్తలేదు. మరో వారానికి నల్లగుడ్డు అంచునుంచి పుండు వైపు సన్నటి ఎర్రటి నరాలు పాకాయి. ఇక అయిపోయిందనుకుని మేస్త్రి బోల్టుని తీసుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాడు.

డాక్టరమ్మ చూసి నవ్వింది. "మంచిదే. పుండుకి రక్తం చేరుతోంది. మానుతున్నట్టు లెక్క."

మేస్త్రి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "ఎరుపు తగ్గితే ముంచిందన్నారు. ఎర్రబడితే మంచిదంటున్నారు. కారితే ఎండిందన్నారు. నేను దేన్ని చూసి ఏమనుకోవాలమ్మా?"

"అనుకోవద్దు బాబాయ్. తీసుకొచ్చి చూపించండి, చాలు."

ఆ మధ్యలోనే ఐదో షెడ్డువాడు కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "రెండు చుక్కలెయ్యి మేస్త్రీ." మేస్త్రి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "వెయ్యను. కళ్ళాసుపత్రికి పద, నేనూ వస్తాను." వచ్చినవాడికి కోపమొచ్చింది. "కుక్కకైతే వేశావు, నాకు పనికిరాదా?" మేస్త్రి వాడి జబ్బ పట్టుకుని ఆటో ఎక్కించాడు.

నాలుగో వారం డాక్టరమ్మ మళ్ళీ రంగు వేసి నీలం లైటు పెట్టింది. ఎక్కడా పచ్చగా లేదు. పుండు మానింది. నడుమ బూడిద రంగు మచ్చ మిగిలింది. కన్నీరు ఊరే మందు రెండు కళ్ళకీ బతికున్నన్నాళ్ళూ వేయాలంది.

"ఆ కన్ను కనిపిస్తుందా అమ్మా?"

"చూద్దాం." ఆమె దూది ఉండ చేసి అతనికిచ్చింది. "చప్పుడు కాదు, వాసన రాదు. దాని ఎడమ కన్ను మూసి, దీన్ని కుడి కంటి ముందు జారవిడవండి."

మేస్త్రి ఎడమచేత్తో బోల్టు ఎడమ కన్ను మూసి, కుడిచేత్తో దూది వదిలాడు. బోల్టు దూదిని చూడలేదు, అతని మొహంలోకి చూసింది.

"నన్ను చూస్తోందమ్మా!"

"మీ చెయ్యి జారింది బావా," అన్నాడు బావమరిది. "ఎడమ కన్ను తెరిచే ఉంది."

మేస్త్రి మొహం వాడిపోయింది. ఈసారి బావమరిది గ్రైండరు పట్టే తన వెడల్పాటి అరచేత్తో ఆ కన్ను కప్పాడు. మేస్త్రి దూది వదిలాడు. బోల్టు కదల్లేదు. మళ్ళీ వదిలాడు. తల కొంచెం వంగిందో లేదో తెలియలేదు. డాక్టరమ్మ ఏదో అనబోయింది, అతను చెయ్యెత్తి వారించాడు. దూది జేబులో పెట్టేసి, ఊపిరి బిగబట్టి, చప్పుడు కాకుండా బల్ల చుట్టూ కుడివైపుకి నడిచాడు.

అతనితోపాటే బోల్టు తల తిరిగింది.

అతను ఆగాడు. తల ఆగింది. వెనక్కి రెండడుగులు వేశాడు. బోల్టు తల వెనక్కి తిరిగింది.

"చెయ్యి తీశావురా?"

"లేదు బావా, గట్టిగా మూసే ఉంచాను," అన్నాడు బావమరిది.

మేస్త్రి నమ్మలేదు. దగ్గరికి వచ్చి, వంగి, బావమరిది వేళ్ళ సందుల్లోంచి వెలుతురు పోతోందేమో ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఎక్కడా సందు లేదు.